సముద్రపు కబురుతో తెల్లవారే రేడియో

పర్లాకిమిడి

అమ్మలూ,

నువ్వు అడిగినదానికి ఫోనులోనే సమాధానం చెప్పవచ్చు. కానీ ఫోనులో చెబితే మధ్యలో "సరే తాతయ్యా" అంటావు. నువ్వు సరే అన్నావంటే విననట్టే లెక్క. అందుకే ఈ ఉత్తరం.

ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నా, పుస్తకం అర్థమవుతుంది, ఆ భాష పుట్టిన చోటి మనిషి నోరు తెరిస్తే అర్థం కాదు అని కదా నీ గోడు. నేను చెప్పానని బి.బి.సి. రేడియో 4 పెట్టావు, పది నిమిషాలకే నిద్ర వచ్చింది. రాదా మరి? హాస్టలు మంచం మీద వాలి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్క మాట జారినా పరీక్ష తప్పినట్టు వింటే నాకైనా వస్తుంది. రేడియో అలా వినేది కాదు. వారం మధ్యలో వచ్చే సెలవు రోజు ఒకటి దానికి ఇచ్చేసి, పొద్దుటి నుంచి రాత్రి వరకు మోగనివ్వు. చేతికి పని పెట్టుకో. చింతపండు గింజలు తీయి, బట్టలు ఇస్త్రీ చెయ్యి, అలమర సర్దు. చేతులు ఖాళీగా ఉంటే మనసు ఫోను మీదికి పోతుంది.

ఆ స్టేషన్‌లో దాదాపు అంతా మాటే. 1967 సెప్టెంబరు 30న ఆ పేరుతో మొదలైంది, అంతకు ముందు దాన్ని హోమ్ సర్వీస్ అనేవారు. వార్త, నాటకం, సైన్సు, తోటపని, హాస్యం ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. మధ్యలో సబ్బుల ప్రకటనలు ఉండవు, అక్కడి ఇళ్ళవాళ్ళు కట్టే లైసెన్సు రుసుముతో నడుస్తుంది. మాకూ రేడియో లైసెన్సు ఉండేది. ఏటా పోస్టాఫీసులో వరుసలో నిలబడి డబ్బు కట్టేవాళ్ళం. మా రోజుల్లో షార్ట్‌వేవ్‌లో బి.బి.సి. వారి వరల్డ్ సర్వీసు ఒక్కటే ఇక్కడికి అందేది, అదీ గరగరల మధ్య. నీకు బి.బి.సి. వెబ్‌సైటులో రేడియో 4 నేరుగా వస్తుంది. సౌండ్స్ యాప్ కోసం వెతకకు, దాన్ని 2025లో బయటి దేశాలవారికి మూసేశారు.

ముందు గడియారం సంగతి తేల్చుకో. ఇప్పుడు చలికాలం కాబట్టి వాళ్ళు మనకంటే అయిదున్నర గంటలు వెనుక ఉన్నారు. మార్చి చివరి ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, అప్పటి నుంచి తేడా నాలుగున్నర. అక్టోబరు చివరి ఆదివారం మళ్ళీ మామూలు. ఇది మరచిపోతే రోజంతా ఒక కార్యక్రమం తప్పి ఇంకొకటి వింటావు. గంట గంటకూ ఆరుసార్లు పీప్‌మంటుంది చూడు, ఆరోది సాగుతుంది, అది మొదలైన క్షణమే గంట కొట్టినట్టు. 1924 నుంచి వేస్తున్నారు. దాన్ని నమ్మి గడియారం మాత్రం సరిచేసుకోకు. ఇంటర్నెట్‌లో ఆ పీప్ ఎంతో కొంత ఆలస్యంగా చేరుతుంది.

నీ రోజు వాళ్ళ అర్ధరాత్రితో మొదలవుతుంది. మనకు తెల్లవారి అయిదున్నరకు లండన్‌లో బిగ్ బెన్ పన్నెండు కొడుతుంది, వార్తలు చదువుతారు. లేవలేనంటావా, ఆరుంబావుకైనా లే. సెయిలింగ్ బై అనే మెత్తని వాద్యసంగీతం వస్తుంది, దాని వెంట ఆరూ పద్దెనిమిదికి షిప్పింగ్ ఫోర్‌కాస్ట్, ఓడలవాళ్ళకు వాతావరణ సూచన. నువ్వు మొదట వినవలసింది ఇదే. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 భాగాలు చేసి, నార్వే వైపు ఉన్న వైకింగ్‌తో మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిక్కుగా చదువుకుంటూ పోతారు. ఫోర్టీస్, డాగర్, ఫిషర్, జర్మన్ బైట్... ఒక్కోదానికి గాలి ఏ దిక్కు, ఎంత బలం, వాన ఉందా, చూపు ఎంత దూరం ఆనుతుంది. ఎప్పుడూ అదే వరుస, అవే పదాలు. మొదటి రోజు మంత్రంలా ఉంటుంది. మూడో రోజుకు గుడ్ ఎక్కడ, పూర్ ఎక్కడ, మోడరేట్ ఎక్కడ వస్తుందో చెవే చెబుతుంది. పరాయి భాషలో అంతకంటే మంచి ఒకటో తరగతి నాకు తెలియదు.

ఆ భాగాల్లో ఒకదాని పేరు ఫిట్జ్‌రాయ్. 2002 వరకు దాన్ని ఫినిస్టెర్ అనేవారు. ఫిట్జ్‌రాయ్ అంటే డార్విన్‌ను తీసుకుపోయిన బీగిల్ ఓడ కెప్టెన్. 1854లో బ్రిటన్ వాతావరణ శాఖను మొదలుపెట్టినవాడూ ఆయనే.

మన వీధిలో ఎవరైనా ఇది విని, ఎక్కడి సముద్రం, మనకెందుకు అంటే నవ్వి ఊరుకో. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన మీదికి వచ్చినప్పుడు నువ్వు చిన్నదానివి. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. నా పాత ట్రాన్సిస్టర్ ఒక్కటే పలికింది. పక్కింటి ఒడియా మాస్టారు, ఎదురింటి కిరాణావారు మా అరుగు మీద చేరి, అర్థమయిన భాషలో వచ్చినప్పుడు విని, కానప్పుడు పక్కవాడిని అడిగి తెలుసుకున్నారు. గాలి సంగతి చదివే గొంతుకు విలువ ఎంతో నాకు ఆ రాత్రి తెలిసింది.

తరవాత అక్కడ ఊరంతా నిద్రపోతుంది. మన ఆరున్నర నుంచి రేడియో 4లో వరల్డ్ సర్వీసే వస్తుంది. నువ్వు స్నానం, టిఫిను కానివ్వు. పదకొండున్నరకు టుడే మొదలై రెండున్నర దాకా సాగుతుంది. రాజకీయ నాయకులను నిలదీసే కార్యక్రమం. సగం నీకు తెలియని పేర్లు. అది పనుల మధ్య విను, బెంగపడకు. మూడున్నరకు విమెన్స్ అవర్, 1946 నుంచి ఉన్నది. అందులో ఆడవాళ్ళు దాపరికం లేకుండా మాట్లాడతారు. కూర్చుని విను.

రాత్రి ఏడున్నరకు ది ఆర్చర్స్. ఆంబ్రిడ్జ్ అనే ఊహా గ్రామంలో రైతుల కథ, 1951 జనవరి 1 నుంచి దేశమంతటికీ ప్రసారమవుతోంది. యుద్ధం తరవాత తిండికి కరువుగా ఉన్న రోజుల్లో రైతులకు కొత్త పద్ధతులు కథలో కలిపి చెప్పాలని మొదలుపెట్టారు. మన ఆకాశవాణి రైతుల కార్యక్రమంలో ఎరువుల సంగతి మాట్లాడుకునే ఇద్దరు పెద్దమనుషులు అప్పటి నుంచి పెళ్ళిళ్ళు చేసుకుంటూ, పొలం గట్ల దగ్గర పోట్లాడుకుంటూ ఉన్నారనుకో, అదే ఇది. మొదటి వారం ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు. పెళ్ళివారింట్లో కొత్తవాళ్ళ మధ్య కూర్చున్నట్టు ఊరికే కూర్చో. చుట్టరికాలు వాటంతట అవే తెలుస్తాయి.

ప్రతి మాటా పట్టుకోవద్దని ఇన్నిసార్లు ఎందుకు అంటున్నానంటే, నువ్వు ఒక భాష ఇలాగే నేర్చుకున్నావు. అయిదేళ్ళప్పుడు నా వేలు పట్టుకుని బజారుకు వచ్చేదానివి. నీకు ఒడియా ఎవరూ పలకలో దిద్దించలేదు. కూరగాయలామె, రిక్షా అతను, బడిలో పక్కన కూర్చున్న పిల్ల మాట్లాడుతుంటే విన్నావు, ఏడాదికి వాళ్ళతో పోట్లాడావు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే రాజావారి బడిలో పాఠాలు చెబుతూ, సవరలను పిలిపించుకుని వాళ్ళ నోట విని ఆ భాష పట్టారు. తరవాతే దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మేము ఉండిపోయాం. ఆయన తెలుగులో కోరింది కూడా ఇదే కదా, నలుగురు మాట్లాడే భాషలో రాయమని. రేడియోకు రాసేవాడికి ఆ మాట రోజూ గుర్తుంటుంది. విన్నవాడు వెనక్కి తిప్పడానికి పేజీ ఉండదు, వాక్యం మొదటిసారే తెలియాలి. శనివారం ఫ్రమ్ అవర్ ఓన్ కరెస్పాండెంట్ విను, 1955లో మొదలైంది. దూరదేశాల విలేకరులు తాము రాసినది తామే చదువుతారు. ఒక్కొక్కటి కొద్ది నిమిషాలే. దానికి మాత్రం పని పక్కన పెట్టు, పెన్సిలు పట్టుకో. ఎక్కడ వాక్యం ఆపారు, ఎక్కడ ఊపిరి పీల్చారు చూడు. నీ పరీక్ష పేపర్లలో నాలుగు వరుసల వాక్యాలు రాస్తావు, అవి కాస్త తగ్గుతాయి.

హాస్యం నీకు చివర అర్థమవుతుంది, ఎవరికైనా అంతే. జస్ట్ ఎ మినిట్ అని ఒక ఆట ఉంది, అదీ 1967లో పుట్టిందే. ఇచ్చిన విషయం మీద ఒక నిమిషం మాట్లాడాలి. తడబడకూడదు, అన్న మాట మళ్ళీ అనకూడదు, దారి తప్పకూడదు. మొన్న సంక్రాంతికి మీ అమ్మమ్మ, నేను తెలుగులో ఆడాం. విషయం ఆవకాయ. ఒడియా మాట దొర్లితే ఓటమి అని అదనంగా ఒక షరతు పెట్టాను. మీ అమ్మమ్మ నలభై సెకన్లు నిలబడింది. నేను పన్నెండుకే పోయాను, అదీ తడబడి కాదు, కారం అని రెండుసార్లు అన్నానట. ఇంకా ఒప్పుకోలేదు.

బరంపురం నుంచి వచ్చేటప్పుడు ట్రాన్సిస్టర్‌కు పెన్సిల్ సెల్లులు నాలుగు తీసుకురా. ఇక్కడి దుకాణంలో కొన్నవి వారానికే నీరసించాయి. ఆదివారం డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్ ఇద్దరం కలిసి విందాం. నిర్జన ద్వీపానికి ఎనిమిది పాటలు, ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు తీసుకుపోవచ్చంటే ఏమేం పట్టుకుపోతావని పిలిచిన మనిషిని అడుగుతారు. నీ ఎనిమిది రాసుకుని రా. మీ అమ్మమ్మది అప్పుడే పదకొండు అయింది, తగ్గించనంటోంది.

మీ తాతయ్య