పాత కారుకి బటన్ పెట్టించుకోండి, స్టీరింగ్ లాక్ మాత్రం తీయించకండి

ప్రశ్న: మా నాన్నగారు కొన్న 1991 మారుతి 800 ఇప్పటికీ నడుపుతున్నాం. ఏపీ 03 నంబరు బండి, అమ్మే ఉద్దేశం లేదు. తాళం అరిగిపోయి ఒక్కోసారి తిరగడం లేదు. ఇక్కడ ఒక షాపులో కీలెస్ కిట్ చూపించారు. స్టీరింగ్ కాలమ్ మీదున్న లాక్ మొత్తం తీసేసి పుష్ బటన్ బిగిస్తారట, ట్యాగ్ జేబులో ఉంటే చాలట. పెట్టించుకోవచ్చా? తరచూ మదనపల్లె వెళ్లొస్తుంటాం.
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: పద్మిని ఉన్నవాళ్లు, అంబాసిడర్ ఉన్నవాళ్లు, పాత జీపులవాళ్లు కూడా ఈ మధ్య ఇదే అడుగుతున్నారు. చాలామందికి షాపుల్లో చెబుతున్న మాట ఒకటే: ‘లాక్ తీసేద్దాం సార్, అప్పుడే నీట్‌గా ఉంటుంది.’ వద్దు. బటన్ మీద నాకు అభ్యంతరం లేదు. లాక్ తీయడం మీదే ఉంది.

కంపెనీ నుంచే బటన్‌తో వచ్చే కొత్త కారులో ఇమ్మొబిలైజర్ ఉంటుంది. తాళంలోని చిప్ ఇచ్చే కోడ్ సరిపోతేనే కంప్యూటర్ ఇంజన్‌ని నడవనిస్తుంది. మీ కార్బ్యురేటర్ బండిలో ఆ కంప్యూటరే లేదు. ఇగ్నిషన్ కాయిల్‌కి పన్నెండు వోల్టులు అందించి, స్టార్టర్ తీగను ఒక్క క్షణం తాకిస్తే ఇంజన్ లేస్తుంది. ఈ పని తెలిసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఇంజన్ లేచినా బండి మలుపు తిరగకుండా ఆపేది స్టీరింగ్ లాక్ ఒక్కటే. తాళం బయటికి తీయగానే చిన్న ఉక్కు పిన్ను స్టీరింగ్ షాఫ్ట్ గాడిలోకి దిగుతుంది. ఆ లాక్‌ను కాలమ్‌కి పట్టి ఉంచే బోల్టులను ఒకసారి చూడండి, చాలా బండ్లలో వాటికి తలలు ఉండవు. బిగించేటప్పుడే తల తెగిపోయేలా చేస్తారు, దొంగ స్పానర్‌తో విప్పలేకుండా. షాపువాళ్లు ఉలి పెట్టి కొట్టి తీసేది ఆ బోల్టులనే.

కొందరు ఇంకా సులువు దారి చూసుకుంటున్నారు. బోల్టుల జోలికి పోకుండా తాళం దూర్చి తిప్పే బ్యారెల్ ఒక్కటే పీకేసి, లోపలి స్ప్రింగును, పిన్నును అలాగే వదిలేస్తున్నారు. నాకు అన్నిటికన్నా భయం దీనితోనే. పిన్నును ఎత్తి పట్టే భాగం పోయింది, స్ప్రింగు మాత్రం దాన్ని నెడుతూనే ఉంటుంది. ఏదో ఒక కుదుపుకి అది గాడిలో పడితే నడుస్తున్న బండిలో స్టీరింగ్ బిగుసుకుపోతుంది. మదనపల్లె అంటున్నారు కాబట్టి భాకరాపేట ఘాట్ మీకు కొత్తకాదు. ఆ మలుపుల్లో స్టీరింగ్ తిరగకపోతే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

ఇక బటన్. కొత్త కారు నడుస్తున్నప్పుడు పొరపాటున బటన్ తగిలినా ఇంజన్ ఆగదు. అలాగే నొక్కి పట్టుకోవాలి, లేదా వెంటవెంటనే కొన్నిసార్లు నొక్కాలి. బండి వేగం కంప్యూటర్‌కి తెలుస్తుంది కాబట్టి అది సాధ్యం. మీ స్పీడోమీటర్ కేబుల్‌తో తిరిగేది, కిట్‌కి వేగం సంగతి చెప్పే తీగ ఏదీ లేదు. మోకాలు తగిలినా, పక్క సీట్లో పిల్లవాడు నొక్కినా ఇంజన్ ఆగిపోవచ్చు. బ్రేక్ తొక్కే బలాన్ని ఇంజన్ సాయంతో పెంచే బ్రేక్ బూస్టర్ ఉన్న బండి అయితే ఇంజన్ ఆగాక ఒకటి రెండుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. కిట్‌లో రిమోట్ స్టార్ట్ కూడా ఉంటే ఆ తీగ అసలు కలపనివ్వకండి. గేరులో వదిలిన బండి ఎవరూ లోపల లేకుండానే ముందుకు దూకుతుంది.

ట్యాగ్ విషయానికొస్తే, చవక కిట్లలో చాలావాటికి ఇచ్చేది 125 కిలోహెర్ట్జ్ ట్యాగ్. అపార్ట్‌మెంట్ గేటు కార్డుల్లో వాడే రకమే. అందులో మారని నంబరు ఒకటి ఉంటుంది, ఎవరు చదివినా అదే చెబుతుంది. నకలు తాళాలు చేసే షాపుల్లోనే ఇప్పుడు వాటికీ నకలు చేసే పరికరం దొరుకుతోంది. అలిపిరిలో బండి పెట్టి కాలినడకన కొండెక్కేవాళ్లు ట్యాగ్‌ను సంచిలో పడేసి లగేజీ కౌంటర్‌లో ఇచ్చేస్తుంటారు. అలా చేయకండి, జేబులోనే ఉంచుకోండి. దగ్గరికి రాగానే డోర్లు తెరిచే రకం కిట్ అయితే ఇంకో బెడద. ఇంట్లో గుమ్మం పక్కన వేలాడుతున్న ట్యాగ్ సిగ్నల్‌ను ఒకడు పట్టి పెంచి పంపితే, రోడ్డు మీద కారు దగ్గర రెండోవాడు తలుపు తీస్తాడు. ఆ రకం ట్యాగ్‌ను రాత్రిపూట మూత బాగా బిగుసుకునే రేకు డబ్బాలో పెట్టండి.

నా కోపం కిట్లు తయారుచేసేవాళ్ల మీద కూడా. ప్రాణం మీదికి తెచ్చే వస్తువు అమ్ముతూ డబ్బాలో వైరింగ్ బొమ్మ సరిగ్గా పెట్టరు. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, అంటే రిలే, ఎన్ని ఆంపియర్లు తట్టుకుంటుందో రాయరు. నిలిపి ఉంచిన బండిలో ఎంత కరెంటు తాగుతుందో చెప్పరు. 30 మిల్లీఆంపులే అనుకున్నా రోజుకి సుమారు 0.7 ఆంపియర్ అవర్లు పోతాయి. నెల రోజులు షెడ్డులో ఉంటే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి పైగా ఖాళీ. పాత కార్లన్నీ నిలిచి ఉండే బండ్లేనని వీళ్లకు తెలియదా? సెంట్రల్ లాక్ కూడా దానికే కలిపి ఉంటే, బ్యాటరీ దిగిపోయిన రోజు ట్యాగ్‌తో తలుపు కూడా తెరుచుకోదు.

మీ అసలు సమస్య అరిగిన తాళం. ముందు స్పేర్ పార్ట్స్ షాపులో కొత్త లాక్ సెట్ అడిగి వేయించండి. బటన్ సరదా ఇంకా ఉంటే లాక్, తాళం అలాగే ఉంచి, తాళం ఆన్‌లో ఉన్నప్పుడు స్టార్టర్ తీగకు మాత్రమే బటన్ పనిచేసేలా పెట్టించండి. మధ్యలో ఒక రిలే, క్లచ్ పెడల్ దగ్గర ఒక స్విచ్ ఉండాలి. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అవుతుంది, నడుస్తుండగా బటన్ నొక్కినా ఇంజన్ ఆగదు. కిట్ కోసం తీసే లైనుకి బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేయించండి. కాయిల్‌కి వెళ్లే తీగలో ఒక రహస్య కటాఫ్ స్విచ్ పెట్టించండి, అది ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు తప్ప చెప్పకండి.

ఏ మార్పు చేయించినా ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. కొత్త లాక్ సెట్‌తో వచ్చే తాళాలు రెండూ జాగ్రత్త చేయండి, బండి పోయిందని క్లెయిమ్‌కి వెళ్తే మొదట అడిగేవాటిలో అవీ ఉంటాయి.