కరువు ఏడాది శరావతి లోటును సౌర విద్యుత్తు పూడ్చగలదా?

పగటి లోటును చాలావరకు పూడుస్తుంది. సాయంత్రపు లోటును మాత్రం పూడ్చలేదు. కర్ణాటకలోని 1,035 మెగావాట్ల శరావతి జలవిద్యుత్ కేంద్రం లింగనమక్కి జలాశయం మీద ఆధారపడింది కనుక, 2023లో లాగా నైరుతి ముఖం చాటేస్తే యంత్రాలన్నీ సిద్ధంగా ఉన్నా తిప్పడానికి చాలినంత నీరుండదు. అలాంటి ఏడాది మబ్బులు తక్కువ కావడంతో, మన అనంతపురం సరిహద్దును ఆనుకొని ఉన్న పావగడలోని 2,050 మెగావాట్ల సౌర పార్కుకు ఎండ పుష్కలంగా దొరుకుతుంది. అయితే రాత్రిని కూడా కలిపి సగటు తీస్తే ఆ సామర్థ్యంలో నాలుగో వంతో, ఐదో వంతో చేతికొస్తుంది. పైగా పలకలు బాగా వేడెక్కితే ఉత్పత్తి కొంత పడిపోతుంది కూడా.

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటు మిద్దెమీది సౌర పలకల ఇన్వర్టరు తెర మధ్యాహ్నం 18 కిలోవాట్లు చూపించి, సాయంత్రం ఆరున్నరకల్లా సున్నాకు దిగుతుంది; సరిగ్గా అప్పుడే లిఫ్టులు, వంటిళ్లు, ట్యాంకరు నీళ్లను పైకెక్కించే మోటారు ఒక్కసారిగా అందుకుంటాయి. జలవిద్యుత్తు విలువ యూనిట్ల లెక్కలో కన్నా, అడిగిన నిమిషాల్లోనే అందడంలో ఎక్కువగా ఉంది. అందువల్ల పగలు సౌర విద్యుత్తు వాడుకొని, ఆ మేరకు టర్బైన్లను ఆపి, మిగిలిన నీటిని సాయంత్రానికి దాచుకోవడమే ఇక్కడ పనికొచ్చే పద్ధతి. దాచడానికే నీరు లేని ఏడాది మాత్రం బ్యాటరీలో, రాయచూరు బొగ్గు కేంద్రమో ఆదుకోవాలి.