పాస్టర్‌గా ఉంటూనే రాష్ట్ర శాసనసభ్యుడిగా పనిచేయొచ్చా?

టెక్సస్‌లో ఒక బాప్టిస్టు పాస్టర్ గారు సంఘ పరిచర్య వదలకుండా రాష్ట్ర ప్రతినిధుల సభకు పోటీ చేయొచ్చా, చేస్తే సంఘం ఏమేం చూసుకోవాలి అన్నది ప్రశ్న.

నిక్షేపంగా చేయొచ్చు. టెన్నెసీ 1796 నాటి తన మొదటి రాజ్యాంగంలోనే బోధకులు శాసనసభకు అనర్హులని రాసుకుంది. చట్టనూగా బాప్టిస్టు పాస్టర్ పాల్ మెక్‌డేనియల్ 1977 రాజ్యాంగ సదస్సుకు నిలబడితే, ప్రత్యర్థి సెల్మా ప్యాటీ ఆ నిబంధన పట్టుకుని కోర్టుకెళ్లారు. 1978 ఏప్రిల్ 19న అమెరికా సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది, ఆ తీర్పు టెక్సస్‌కూ వర్తిస్తుంది. టెన్నెసీ రాజ్యాంగంలోంచి ఆ వాక్యం పోవడానికి మాత్రం 2022 ఓటింగ్ దాకా పట్టింది.

బాప్టిస్టు పాస్టర్‌కు అనుమతి ఇవ్వాల్సిన బిషప్ ఎవరూ ఉండరు. పాస్టర్‌ని పిలుచుకునేది సంఘమే, కాబట్టి సెలవిచ్చేదీ సంఘమే. నామినేషన్‌కు ముందే సంఘ కూడికలో రాతపూర్వకంగా తీర్మానం చేయించుకోవాలి. టెక్సస్ సభ బేసి సంవత్సరాల్లో జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజుల వరకు సాగుతుంది. గవర్నర్ పిలిస్తే 30 రోజుల ప్రత్యేక సమావేశాలు అదనం. గుడ్ ఫ్రైడే, ఈస్టర్ ఆ 140 రోజుల్లోనే పడతాయి. చాలామంది ఆదివారం ప్రసంగం ఒక్కటే లెక్కేసుకుంటారు. భూస్థాపనలు, ఆసుపత్రి దర్శనాలు వారం మధ్యలో వస్తాయి, అప్పుడు పాస్టర్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ఉంటారు. వాటికి ఎవరు వెళ్తారో పేరుతో సహా తీర్మానంలో ఉండాలి.

సభ్యుడి జీతం నెలకు 600 డాలర్లే, సమావేశాల రోజులకు దినభత్యం వేరు. అంటే ఇల్లు గడిచేది చర్చి జీతం మీదే. పన్నుల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. చర్చి ముందుగా తీర్మానించి ఇచ్చే ఇంటి భత్యానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది గానీ, 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను దానిమీదా పడుతుంది. శాసనసభ జీతం పరిచర్య ఆదాయం కాదు. అందులోంచి ఇంటి భత్యం చూపించకూడదు.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది 1954 జాన్సన్ సవరణ దగ్గర. పన్ను మినహాయింపున్న చర్చి ఏ అభ్యర్థి తరఫునా ప్రచారం చేయకూడదు. పాస్టర్ వ్యక్తిగా పోటీ చేయడాన్ని అది ఆపదు. తప్పులు చిన్న చిన్న చోట్లే దొర్లుతాయి: చర్చి లెటర్‌హెడ్ మీద విరాళాల ఉత్తరం, సభ్యుల ఫోన్ నంబర్ల జాబితా ప్రచారానికి వాడటం, చర్చి వ్యాన్‌లో కార్యకర్తలు, జీతమిచ్చే ఆఫీసు సిబ్బందితో కరపత్రాల పని. హాలు కావాలంటే పోటీలో ఉన్న అందరికీ ఒకే అద్దెకు ఇవ్వాలి. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) 2025లో ఒక కేసులో, ఆరాధనలో సంఘంతో చెప్పే మాటల విషయంలో మెత్తబడింది. దాన్ని చూసుకుని చర్చి డబ్బు, వాహనాల దాకా వెళ్లొద్దు. కానుకల ఖాతా, ప్రచార ఖాతా వేర్వేరు బ్యాంకుల్లో పెట్టుకోవడం, ప్రచార కోశాధికారిగా చర్చి కోశాధికారి కాకుండా మరొకరిని పెట్టుకోవడం మేలు.

ప్రచార కాగితంలో ‘ఫలానా చర్చి పాస్టర్’ అని రాసుకోవచ్చు. పక్కనే ‘గుర్తింపు కోసం మాత్రమే’ అని వేయండి. గెలిచాక, తమ చర్చి నడిపే డేకేర్‌కో స్కూలుకో ప్రత్యేకంగా లాభం చేసే బిల్లు వస్తే? వ్యక్తిగత ప్రయోజనం ఉన్న సభ్యుడు అది సభకు చెప్పి ఓటు వేయకుండా ఉండాలని టెక్సస్ రాజ్యాంగం అంటుంది. చర్చి జీతం మీద బతికే పాస్టర్ అలాంటి బిల్లుల విషయంలో సందేహం వచ్చిన ప్రతిసారీ ముందే సభకు చెప్పేయడం మంచిది.