"వాడూ నవ్వాడు కదమ్మా"

ప్రశ్న: మేం ఎనిమిదేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మా బాబుకి పదిహేనేళ్లు. జీసీఎస్‌ఈ (ఇక్కడి పదో తరగతి పరీక్షల్లాంటివి) కోసం బడిలో డెనిస్ కెల్లీ రాసిన 'డీఎన్ఏ' నాటకం చదువుతున్నారు. అది మొదలైనప్పటి నుంచి వాడు ముభావంగా ఉంటున్నాడు. మొన్న కదిలిస్తే, నాటకంలో గుంపు ఏడిపించే కుర్రాడి గురించి, "ఆడం కూడా నవ్వాడు కదమ్మా, మరి తప్పంతా వాళ్లదే ఎలా అవుతుంది?" అన్నాడు. వీడి ఫ్రెండ్స్ ఇంటికొస్తే వీణ్ని ఏదో వెక్కిరింపు పేరుతో పిలుస్తారు. బయట తిండికి డబ్బులు ఎప్పుడూ వీడే పెడతాడు. అడిగితే "జోక్ అమ్మా" అంటాడు. మావారేమో పరీక్షల టెన్షన్ అంటున్నారు. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?
- ఒక తల్లి, బర్మింగ్‌హామ్

జవాబు: లేదమ్మా. పరీక్షల టెన్షన్ ఉన్న పిల్లాడు మార్కుల గురించి దిగులుపడతాడు. మీవాడు అడిగిన ప్రశ్న వేరు.

మీకు వీలైతే ఆ నాటకం ఒకసారి చదవండి, చిన్నదే. 2008లో లండన్‌లోని నేషనల్ థియేటర్‌లో ఆడారు. అందులో ఆడం అనే కుర్రాడు ఒక గుంపులో ఉండాలని తహతహలాడతాడు. ఆకులు తినమంటే తిన్నాడు. ఒంటి మీద సిగరెట్లు ఆర్పితే ఊరుకున్నాడు. చివరికి ఒక లోతైన గొయ్యి మీది ఇనుప చువ్వల మూత మీద నడవమన్నారు, నడిచాడు. రాళ్లు విసిరారు, పడిపోయాడు. ఇవేవీ మనకు వేదిక మీద కనబడవు. ఆ గుంపులోని మార్క్, జాన్ అనే ఇద్దరు తోటి పిల్లలు ఫిల్‌కీ లియాకీ చెబుతుంటే వింటాం, అంతే. "వాడూ నవ్వుతున్నాడు" అన్న సాక్ష్యం కూడా వాళ్లదే. దెబ్బలు తిన్నవాడి కథ కొట్టినవాళ్ల నోటే వినాల్సి రావడమే నాకు ఈ నాటకంలో అన్నిటికంటే భయంకరంగా అనిపించింది. మీవాడు పట్టుకున్నది కూడా సరిగ్గా ఆ మాటనే, గమనించారా?

అందరూ పోయాడనుకున్న ఆడం తరవాత బతికే కనిపిస్తాడు. తలకి గాయం, రక్తం అట్టకట్టిన జుట్టు. అడవిలో ఒక పొదలో ఉంటున్నాడు. చీకట్లో పాక్కుంటూ వెలుతురు కనిపించేదాకా వచ్చి, తను చచ్చిపోయాననే అనుకున్నాడట. ఇంటికి వెళ్లాలన్న ఊసే లేదు. ఆ పొద తనదంటాడు. గుంపులో చోటు కోసం అన్నీ ఒప్పుకున్న పిల్లాడికి చివరికి తనదని చెప్పుకోడానికి దొరికింది అదొక్కటే. ఇంత జరిగాక మాత్రమే రచయిత వాడి చేత మాట్లాడించాడు.

గుంపులో నవ్వేది సరదాగా ఉండి మాత్రమే కాదు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ చేస్తారని, రేపట్నుంచి పక్కన కూర్చోనివ్వరని కూడా నవ్వుతారు. మీవారు హాస్టల్లో చదివి ఉంటే ఈ నవ్వు ఆయనకీ తెలిసే ఉంటుంది. ర్యాగింగ్‌లో దొరికిన సీనియర్లు కూడా "వాడూ ఎంజాయ్ చేశాడు సార్" అనే అంటారు.

అయితే ఇంకో సంగతి. మీవాడే ఆడం అని ముందే తీర్మానించుకోకండి. డబ్బులు పెట్టడం, వెక్కిరింపు పేరు చూస్తే అలాగే ఉంది, నిజమే. కానీ తను ఇంకెవరినో ఏడిపించిన గుంపులో నిలబడి నవ్వి, ఇప్పుడు నిద్రపట్టక ఉన్నాడేమో కూడా. ఒకే పిల్లాడు సోమవారం దెబ్బ తిని, మంగళవారం ఇంకొకణ్ని కొట్టడం నేను చాలాసార్లు చూశాను. అందుకని "నిన్నెవరు ఏడిపిస్తున్నారు?" అని అడగొద్దు. "ఆడం ఎందుకు నవ్వాడంటావు?" అని అడగండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి కాదు, కారులో వెళ్తున్నప్పుడో, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూనో. ఒక్కరోజులో చెప్పడు. ఫోన్ లాక్కోవద్దు, ఆ పిల్లల ఇళ్లకు ఫోన్లు చేయొద్దు. ఆ రెండింటిలో ఏది చేసినా మళ్లీ నోరు విప్పడు.

కొట్టడం, డబ్బులు గుంజడం, ఫోన్లో వీడియోలు తీయడం లాంటివి బయటపడితే మాత్రం ఆగొద్దు. వాడికి చెప్పే, వాడి హెడ్ ఆఫ్ ఇయర్‌కి (ఆ తరగతి పిల్లల బాధ్యత చూసే టీచరుకి) ఈమెయిల్ రాయండి. తారీఖులతో సహా ఏం జరిగిందో రాయండి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడులకు బుల్లీయింగ్‌ను అరికట్టే పద్ధతి రాసిపెట్టుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. అది చూపించమని అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు. మీతో చెప్పలేనిది ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్ 0800 1111 ఉంది, ఉచితం. ఆ నంబరు వాడి చేతికిచ్చి ఊరుకోండి, చేశాడా లేదా అని ఆరా తీయొద్దు. వాడి మాటల్లో చచ్చిపోవాలన్న ఊసు గానీ, ఒంటి మీద గాయాలు గానీ కనిపిస్తే మాత్రం అదే రోజు జీపీకి, అంటే మీ ఫ్యామిలీ డాక్టరుకి, ఫోన్ చేయండి.

మీవారితో ముందే ఒక మాట అనుకోండి. వాడు చెప్పడం మొదలుపెట్టాక మొదటి పది నిమిషాలు "మా రోజుల్లో" అనే మాట ఆయన నోటి వెంట రాకూడదు.