ఏడు రోజుల సెలవులో నాలుగు రోజులు గోల్ఫేనా?

ప్రశ్న: మేము లీడ్స్‌లో ఉంటాం. పాపకి పదమూడేళ్లు, బాబుకి ఆరు. ఈ వేసవికి భీమవరం నుంచి మా అత్తమామలు, నెల్లూరు నుంచి మా అమ్మ వచ్చారు. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. జూలై మూడో వారంలో అందరం కలిసి స్కాట్లాండ్ వెళ్దామని సెయింట్ ఆండ్రూస్‌లో ఇల్లు తీసుకున్నాం, శనివారం నుంచి శనివారం దాకా. నాకు సముద్రమంటే ప్రాణం. మా వారికి మూడేళ్లుగా గోల్ఫ్ పిచ్చి. మొన్న క్యాలెండర్ చూస్తే సోమ, మంగళ, గురు, శుక్రవారాల్లో ఆయన గోల్ఫ్ బుక్ చేసుకుని ఉన్నారు, ఒక స్నేహితుడు కూడా వస్తున్నాడట. బుధవారం ఆట కోసం ఓల్డ్ కోర్సు అనే పేరుమోసిన గోల్ఫ్ మైదానం బ్యాలట్‌లో, అంటే లాటరీలో, పేరు వేస్తారట. కారు ఆయనే తీసుకెళ్తారు. ముగ్గురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు, వంట అన్నీ నా మీదే. కింది గది అత్తమామలకి, అమ్మకి పైన పిల్లల గదిలో సోఫా మంచం. మామగారిని అడిగితే "ఏడాదంతా కష్టపడతాడు, వారం రోజులు ఆడుకోనీ" అన్నారు. అమ్మ "నేను ఇంట్లోనే ఉంటాలే, మీరు వెళ్లి రండి" అంటోంది. అసలు బుకింగే క్యాన్సిల్ చేసేద్దామనిపిస్తోంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో గోల్ఫ్ గురించి ఉన్నది కొంచెమే. మిగతాదంతా కారు గురించి, వంట గురించి, మీ అమ్మగారి మంచం గురించి ఉంది. మీ బాధ ఆయన ఆట మీద అనిపించడం లేదు. ఆయన రోజులు క్యాలెండర్‌లోకి ఎక్కాయి, మీ రోజు ఒక్కటీ ఎక్కలేదు. మిమ్మల్ని అడగకుండానే మీ వారమంతా ఖర్చయిపోయింది. మీ కోపం న్యాయమైనదే.

క్యాన్సిల్ మాత్రం చేయకండి. చేస్తే రేపటి నుంచి ఇంట్లో మాట ఒక్కటే అవుతుంది: "కోడలు ట్రిప్పు చెడగొట్టింది". అసలు సంగతి ఎవరికీ గుర్తుండదు. పైగా మీరు ఎంచుకున్న చోటు మీ ఇద్దరి కోరికలకీ చక్కగా సరిపోతుంది. స్కాట్లాండ్ తూర్పు తీరంలో పాత గోల్ఫ్ కోర్సులు చాలావరకు సముద్రానికీ పొలాలకీ మధ్య ఉండే ఇసుక నేల మీద పుట్టినవే. సెయింట్ ఆండ్రూస్‌లో గోల్ఫ్ మైదానాలు ఎక్కడ అయిపోతాయో, ఇసుక దిబ్బలు దాటగానే రెండు మైళ్ల వెస్ట్ శాండ్స్ బీచ్ అక్కడే మొదలవుతుంది. ఆయన ఒకవైపు, మీరు ఒకవైపు ఉన్నా మధ్యలో పది నిమిషాల నడక. ఊళ్లో ఇల్లు ఉంటే అక్కడి కోర్సులకి కారు అవసరమే లేదు. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి మాట ఇదీ: "ఊళ్లో ఆడే రోజు కారు తాళాలు నా దగ్గర ఉంటాయి." ఊరి బయట ఆడే రోజైతే స్నేహితుడి కారులో వెళ్లమనండి.

రెండోది, టైము. పద్దెనిమిది హోల్స్ (బంతిని వేయాల్సిన గుంటలు) ఆట నాలుగు గంటలకు పైనే పడుతుంది. ముందు ప్రాక్టీసు, తర్వాత క్లబ్‌హౌస్‌లో టీ, కబుర్లు కలిపితే సగం రోజు. పదకొండింటికి మొదలుపెడితే రోజంతా పోయినట్టే. అదే పొద్దున ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్న భోజనానికి ఇంట్లో ఉంటారు. జూలైలో అక్కడ ఐదింటికల్లా వెలుతురు వచ్చేస్తుంది, రాత్రి తొమ్మిదిన్నర దాకా పొద్దు ఉంటుంది. మీ ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లు లేచి, కాఫీ తాగి, స్నానాలు, పూజ, టిఫిన్ ముగించేసరికి ఎలాగూ పదిన్నర. ఆ టైములో ఆయన ఆడుకుంటే ఎవరికీ నష్టం లేదు. నాలుగు ఆటలు రెండు కావాలి, ఆ రెండూ పొద్దున్నే కావాలి. దీని దగ్గర మాత్రం మెత్తబడకండి. ఆడిన రోజు రాత్రి వంట కూడా ఆయనే చూసుకోవాలి. కుక్కర్‌లో అన్నం పెట్టి, పప్పు పొయ్యి మీద పడేసి, మీరు పట్టుకెళ్లిన ఆవకాయ తీస్తే చాలు, ఎవరూ పేరు పెట్టరు.

బ్యాలట్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీకు ఎక్కువ టెన్షన్ తెచ్చేది అదే. ఓల్డ్ కోర్సు మీద ఆడాలంటే రెండు రోజుల ముందు పేర్లు వేసి, ఆ సాయంత్రం డ్రాలో వచ్చిందో లేదో చూసుకోవాలి. రాకపోతే మర్నాడు మళ్లీ వేయొచ్చు. ఆ ఆశతో రోజూ వేస్తూ పోతే మీకు వారమంతా రేపేమిటో తెలియని బతుకే. బుధవారం ఆట కోసం సోమవారం ఒక్కసారి వేయమనండి. తగిలితే సంతోషంగా పంపండి. గోల్ఫ్ ఆడేవాడికి అక్కడ ఆడటం మామూలు విషయం కాదు, అది మీరూ గుర్తించాలి. కానీ తగిలితే ముందు బుక్ చేసిన రెండింట్లో ఒకటి వదులుకోవాలి. ఈ ఒప్పందం లీడ్స్‌లో బయల్దేరకముందే జరగాలి, అక్కడికెళ్లి పెద్దవాళ్ల ముందు బేరాలు పెట్టుకోకూడదు.

ఈ మాటలన్నీ ఆయనతో ఒంటరిగా, పిల్లలు పడుకున్నాక చెప్పండి. మామగారి ద్వారా వద్దు, పాపతో చెప్పించడం అసలే వద్దు. "మీకు ఎప్పుడూ మీ గోలే" అని మొదలుపెట్టారంటే మూడేళ్ల లెక్కలన్నీ బయటికొస్తాయి, ఈ వారం సంగతి మూలన పడుతుంది. క్యాలెండర్ ముందు పెట్టి, "సోమవారం మీరు పదకొండింటికి వెళ్తే ఇక్కడ ఐదుగురు నాతో ఉంటారు, కారు ఉండదు. మీరే నా చోట ఉంటే ఆ రోజు ఎలా గడుపుతారో చెప్పండి" అని అడిగి ఊరుకోండి. ఆయన జవాబు వెతుక్కోవాలి. మధ్యలో మీరు అందించకండి.

మామగారి మాట గురించి ఒకటి. కొడుకు కష్టపడుతున్నాడన్నది నిజం. మీరూ ఏడాదంతా ఊరికే కూర్చోలేదు కదా! ఆయనతో వాదించి గెలవాల్సిన పనేమీ లేదు, తండ్రికి జవాబు చెప్పాల్సింది కొడుకు. "నాన్నా, రెండు రోజులు ఆడతాను, మిగతా రోజులు మీతో ఉంటాను" అని మీ వారు అంటే అక్కడితో అయిపోతుంది. పెద్దాయన మనసులో కూడా కొడుకుతో గడపాలనే ఉంటుంది, పైకి చెప్పకపోవచ్చు.

ఇప్పుడు మీ అమ్మగారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కదిలించింది ఆవిడ మాటే. "నేను ఇంట్లోనే ఉంటాలే" అన్నది ఓపిక లేక అన్న మాట అనుకోకండి. అల్లుడి ఇల్లు, పక్కన వియ్యంకుడు, వియ్యపురాలు, తోడుగా ఉండాల్సిన మనిషి లేడు. నోరు తెరిచి ఒకటి అడిగితే కూతురికి ఎక్కడ మాట వస్తుందోనని ఆవిడ భయం. అందుకే ముందే తప్పుకుంటున్నారు. మీరు "సరేలే" అని వదిలేస్తే ఆవిడ వారమంతా కిటికీ దగ్గర కూర్చుని, గిన్నెలు కడిగి, "నాకు హాయిగానే ఉంది" అని చెప్పి తిరిగొస్తారు. దయచేసి వదిలేయకండి.

ముందు ఆ సోఫా మంచం మార్చండి. ఇంకా టైము ఉంది. కింద ఒకటే గది ఉండి, అత్తమామలకు మెట్లు కష్టమైతే, పైన మీ దంపతుల గది అమ్మకిచ్చి మీరిద్దరూ పిల్లల దగ్గర సర్దుకోండి. ఈ మాట మీరు కాకుండా మీ వారు అంటే, "అత్తయ్యగారూ, మీరు మా గదిలో పడుకోండి" అంటే, ఆవిడ ఆ ఇంట్లో తనకీ ఒక చోటు ఉందనుకుంటారు. ఎవరెవరికి ఏం చూడాలని ఉందో కూడా ఒక్కొక్కరినీ విడివిడిగా అడగండి. అందరి ముందూ అడిగితే ముగ్గురూ "మీ ఇష్టం" అంటారు.

అడిగాక ఏం చూపించాలంటే, ఆదివారంతో మొదలుపెట్టండి. ఆదివారం ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆట ఉండదు, ఊరివాళ్లు కుక్కల్ని తీసుకుని, పిల్లల్ని వేసుకుని ఆ గడ్డి మీద తిరుగుతారు. మీ వారిని ఆ రోజు గైడ్‌గా పెట్టండి. ఆ మైదానంలోనే ఉన్న స్విల్కన్ అనే పాత రాతి వంతెన దగ్గర అందరూ ఫొటో దిగొచ్చు. ఆ పక్కనే హిమాలయాస్ అనే పటింగ్ మైదానం ఉంది. 1867లో ఆడవాళ్ల కోసం పెట్టిన క్లబ్బుది అది. నిర్ణీత వేళల్లో, తక్కువ ఖర్చుతో ఎవరైనా ఆడొచ్చు. ఒక కర్ర, ఒక బంతి ఇస్తారు. ఎత్తుపల్లాల గడ్డి మీద బంతిని మెల్లగా తోయడమే. చీరకొంగు నడుముకు దోపుకుని మీ అత్తగారూ అమ్మగారూ ఒక జట్టు, మామగారూ బాబూ ఒక జట్టు. మీ వారికి ప్రాణమైన ఆట ఏమిటో ఇంట్లోవాళ్లకి అప్పుడు కాస్త అర్థమవుతుంది. పాపకి ఆసక్తి ఉంటే బాల్గోవ్ అని కొత్తవాళ్లు కూడా ఆడుకునే తొమ్మిది హోల్స్ కోర్సు ఉంది. ఒక సాయంత్రం తండ్రీ కూతురూ వెళ్లొస్తే ఆయనకి ఆటా దక్కుతుంది, మీకు రెండు గంటల ఊపిరీ దక్కుతుంది. ఇష్టం లేకపోతే మాత్రం పిల్లని బలవంతపెట్టొద్దు.

ఒక రోజు పూర్తిగా మీది. ఆ రోజు ఆయన పొద్దున్నించి రాత్రి దాకా మీతోనే, కారు నడిపేది ఆయనే. దక్షిణాన తీరం వెంబడి క్రెయిల్, ఆన్‌స్ట్రదర్, పిట్టెన్‌వీమ్, సెయింట్ మోనాన్స్, ఈలీ అని చిన్న చిన్న జాలరి ఊళ్లు వరసగా ఉంటాయి. అన్నీ ఒకే రోజు చుట్టేయాలని చూడకండి, పెద్దవాళ్లు ఎక్కడం దిగడంతోనే అలసిపోతారు. రెండు చాలు. క్రెయిల్ రేవు అందంగా ఉంటుంది కానీ దిగే దారి వాలుగా, రాళ్లు పరిచి ఉంటుంది, మోకాళ్లకి మంచిది కాదు. నన్నడిగితే ఈలీ. ఇసుక మెత్తగా ఉంటుంది. అక్కడి రూబీ బేలో ఇసుకను దగ్గరగా చూస్తే ఎర్రటి చిన్న గార్నెట్ రాళ్లు అప్పుడప్పుడూ దొరుకుతాయి. ఆవగింజంతవే ఎక్కువ. అరచేతిలో తడి ఇసుక పరుచుకుని వేలితో అటూ ఇటూ జరుపుతూ వెతకాలి. ఆరేళ్ల బాబుకీ అమ్మమ్మకీ ఒకేలా నచ్చే పని ఇది, మాట కలవాల్సిన అవసరం లేకుండానే పక్కపక్కన కూర్చోబెడుతుంది. అక్కడే గొలుసులు పట్టుకుని రాళ్ల మీద నడిచే చెయిన్ వాక్ ఉంది. ఆటుపోట్ల వేళలు చూసుకోకుండా వెళ్తే ప్రమాదం. మీ గుంపుకి అది వద్దు.

ఆన్‌స్ట్రదర్ నుంచి మే ద్వీపానికి పడవలు వెళ్తాయి. పఫిన్ పక్షులు జూలై చివర్లో సముద్రంలోకి వెళ్లిపోతాయి, మీ వారంలో ఇంకా కనిపించే అవకాశం ఉంది. ఇది సగం రోజు పని, ద్వీపం మీద గాలికి దాక్కునే చోటు పెద్దగా ఉండదు. పాప, మీరు ఇద్దరే వెళ్లండి. ఆ సగం రోజు మిగతా నలుగురినీ ఆయనే చూసుకుంటారు. మీరు నాలుగు రోజులు చేయాల్సి వచ్చిన పని ఎలాంటిదో చెప్పకుండానే తెలుస్తుంది. తిరిగొచ్చాక మాత్రం దెప్పకండి.

చిన్న విషయాలు కొన్ని. జూలై అయినా అక్కడ ఎండ ఇరవై డిగ్రీలు దాటడం తక్కువ, పైగా సముద్రం మీంచి హఠాత్తుగా పొగమంచు కమ్మేస్తుంది. పెద్దవాళ్లకి గాలి ఆపే జాకెట్లు, ఉన్ని సాక్సులు ఉండాలి. ఇంట్లో ఎవరైనా శాకాహారులుంటే, ఫిష్ అండ్ చిప్స్ షాపులో చిప్స్ కొనేముందు ఏ నూనెలో వేయించారో అడగండి. స్కాట్లాండ్‌లో చాలాచోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు. తిన్నాక తెలిస్తే ఆ బాధ వారమంతా పట్టుకుంటుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఆస్పత్రిలో చేరితే ఖర్చు మనదే, కాబట్టి ముగ్గురికీ ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందో లేదో, అందులో బీపీ, షుగర్ దాచకుండా రాశారో లేదో చూసుకోండి. ఈ పని మీ వారికి అప్పగించండి, రెండు ఆటలు రద్దు చేసుకోవడానికి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే అదీ అయిపోతుంది.