టెక్ సందేహాలు: ఓట్లు లెక్కపెట్టే ముందు ఓటర్లను లెక్కపెట్టండి

సర్వసభ్య సమావేశాల కాలం వచ్చినట్టుంది. ఈసారి ఉత్తరాల్లో చాలా వరకు ఒకటే గోడు: చేతులెత్తమంటే ఎత్తారు, లెక్క తేలలేదు, మళ్లీ ఎత్తమనేసరికి సగం మంది భోజనాల వైపు నడిచారు. అందుకే ఫోన్ బ్యాటరీల సంగతి వచ్చేసారికి వాయిదా వేసి, ఈ చోటంతా ఓట్ల లెక్కకే ఇస్తున్నాను.

మా సముదాయంలో 420 ఫ్లాట్లు ఉన్నాయి. మెయింటెనెన్స్ పెంపుపై చేతులెత్తిస్తే రెండుసార్లు రెండు లెక్కలు వచ్చాయి. సభలోనే ఫోన్లతో ఓటు వేయించి, వెంటనే తెర మీద ఫలితం చూపించే యాప్ చెప్పండి. వాట్సాప్ పోల్ సరిపోతుందా? – అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, హైదరాబాద్

యాప్‌లకు కొదవ లేదు. మెంటీమీటర్, స్లైడో రెండూ ఈ పనికే పుట్టినవి. తెర మీద క్యూఆర్ కోడ్ చూపిస్తే సభికులు ఫోన్‌తో స్కాన్ చేసి నొక్కుతారు, పట్టీలు పెరుగుతూ కనిపిస్తాయి. ఉచిత ఖాతాలో పాల్గొనేవారి సంఖ్యకు పరిమితి ఉంటుంది కాబట్టి మీ సభకు డబ్బు కట్టాల్సి రావచ్చు. కానీ మీ ఉత్తరం చదివాక నాకు అర్థమైంది వేరు. మీకు రెండు లెక్కలు రావడానికి కారణం చేతులు కాదు. ఆ హాల్లో ఓటు హక్కు ఉన్నవారు ఎందరో ఎవరికీ తెలియకపోవడం.

భార్యాభర్తలిద్దరూ వచ్చి ఇద్దరూ చెయ్యెత్తారు. అద్దెకున్నవారూ ఎత్తారు. మూడు ఫ్లాట్లున్న యజమాని ఒక్క చెయ్యే ఎత్తాడు. ఇలాంటి సభకు ఎంత ఖరీదైన యాప్ తెచ్చినా తప్పుడు లెక్కనే వేగంగా, రంగుల్లో చూపిస్తుంది. ముందు మీ సంఘం నియమావళి తీయండి. ఫ్లాటుకు ఒక ఓటా, విస్తీర్ణాన్ని బట్టి ఓటు విలువ మారుతుందా, బకాయి ఉన్నవారికి ఓటుందా, ప్రతినిధిని పంపవచ్చా అన్నవి అక్కడ తేల్చుకోండి. ఆ తర్వాత గుమ్మం దగ్గర ఒక బల్ల వేసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని, ఓటుకు మూడు కార్డుల సెట్ ఒకటి చొప్పున ఇవ్వండి. అనుకూలానికి ఆకుపచ్చ, వ్యతిరేకానికి ఎరుపు, తటస్థానికి పసుపు. ఎన్ని సెట్లు ఇచ్చారో సభ మొదలవగానే మైకులో చెప్పండి. మధ్యలో వెళ్లేవారు సెట్‌ను బల్ల దగ్గర తిరిగి ఇచ్చి వెళ్లాలి. ఎత్తిన మూడు రంగుల కార్డుల మొత్తం చలామణిలో ఉన్న సెట్ల సంఖ్యకు సరిపోతేనే ఫలితం ప్రకటించాలి, లేకపోతే అక్కడికక్కడే మళ్లీ లెక్క.

కార్డులను వేదిక మీద నుంచి ఒక్కరే లెక్కపెట్టకూడదు. ఒక్కో వరుసకు ఇద్దరు, వీలైతే పెంపును సమర్థించేవారి నుంచి ఒకరు, వ్యతిరేకించేవారి నుంచి ఒకరు నిలబడి విడివిడిగా లెక్కపెట్టాలి. ఇద్దరి అంకె ఒకటైతేనే దాన్ని ఫోన్‌లోని గూగుల్ షీట్‌లో ఆ వరుస గడిలో వేయాలి. షీట్ తనంతట తానే మొత్తం కూడుతుంది, ప్రొజెక్టర్ మీద అందరికీ కనిపిస్తుంది. ఎవరైనా అభ్యంతరం చెబితే ఆ వరుసను మాత్రం మళ్లీ లెక్కపెడితే చాలు, సభ మొత్తాన్ని కాదు. నా దృష్టిలో మీ సభకు ఇదే సరైన పద్ధతి. ఇందులో సాంకేతికత తక్కువని మీ కమిటీలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు నొచ్చుకోవచ్చు.

ఫోన్ ఓటే కావాలని పట్టుబడితే, లేదా రహస్య ఓటు అవసరమైతే, గూగుల్ ఫారం వాడవచ్చు. కానీ లింకును వాట్సాప్ గ్రూపులో పెట్టిన మరుక్షణం అది అమెరికాలోని అబ్బాయికీ చేరుతుంది. ఒక్కరికి ఒకే జవాబు అనే సెట్టింగ్ ఉంది, అయితే అది గూగుల్ ఖాతాకు ఒకటి అని మాత్రమే చూస్తుంది. మూడు ఖాతాలున్న మనిషికి మూడు ఓట్లు. దీనికి మందు రహస్య కోడ్. ఒక్కో చీటీ మీద ఊహకందని ఆరక్షరాల కోడ్ ముద్రించండి (ఫ్లాట్ నంబరు మాత్రం వద్దు, దాన్ని ఎవరైనా ఊహిస్తారు). మడిచి డబ్బాలో వేసి, గుమ్మం దగ్గర ఓటుకు ఒక్కటి చొప్పున తీసుకోమనండి. ఎవరికి ఏ కోడ్ వెళ్లిందో రాసుకోకపోతే రహస్యమూ నిలుస్తుంది. ఫారంలో మొదటి గడి కోడ్, రెండోది ఓటు. ఓటింగ్ ముగిశాక జవాబుల షీట్‌లో కౌంట్‌ఇఫ్ సూత్రంతో (ఒక విలువ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టేది) మీ కోడ్‌ల జాబితాలో లేనివి, రెండుసార్లు వచ్చినవి ఏరివేయండి. ఒకే కోడ్‌తో రెండు ఓట్లు పడితే మొదటిది చెల్లుతుందా, చివరిదా అన్నది ముందే ప్రకటించాలి, ఫలితం చూశాక కాదు.

ఇంకో అడ్డంకి నెట్. క్లబ్‌హౌస్ చాలా చోట్ల సెల్లార్‌లోనో, దాని పక్కనో ఉంటుంది, అక్కడ మొబైల్ సిగ్నల్ అంతంతమాత్రం. ఇంట్లో వాడే వైఫై రౌటర్‌కు మూడు వందల ఫోన్లు ఒకేసారి తగులుకుంటే కూలబడుతుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి కలగాపులగం కాని ఛానెళ్లు, అంటే దారులు, మూడే (1, 6, 11). దానికి తోడు ఇంటి రౌటర్ ఫోన్లకు పంచగలిగే నెట్ చిరునామాలు సాధారణంగా 253కు మించవు. ఆ తర్వాత వచ్చిన ఫోన్ ‘కనెక్ట్ అవుతోంది’ అంటూ తిరుగుతూనే ఉంటుంది. నెట్‌తో పని లేకుండా కావాలంటే క్లిక్కర్లు ఉన్నాయి. టీవీ క్విజ్ కార్యక్రమాల్లో ప్రేక్షకుల చేతిలో ఉండే చిన్న కీప్యాడ్లే అవి. రేడియో తరంగాలతో నేరుగా వేదిక మీది ల్యాప్‌టాప్‌కు తగిలించిన రిసీవర్‌తో మాట్లాడతాయి. కొనడం దండగ, ఏడాదికోసారి సభకు అద్దెకు తెచ్చుకోవడం మేలు.

ఏది తెచ్చినా కాగితాన్ని పక్కన ఉంచుకోండి. 2024 డిసెంబర్ 17న లోక్‌సభలో జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టడంపై ఓటింగ్ జరిగింది. కొత్త భవనంలో ఎలక్ట్రానిక్ ఓటింగ్ వాడడం అదే తొలిసారి. యంత్రం చూపిన లెక్క అనుకూలం 220, వ్యతిరేకం 149. సభ్యులు కాగితం మీద ఇచ్చిన ఓటు చీటీలు కూడా కలిపాక తుది లెక్క 269, 198. ప్రతి సభ్యుడికీ సొంత సీటు, సొంత బటన్ ఉన్న చోట కూడా చీటీలు కలిపేసరికి 98 ఓట్లు పెరిగాయి. మీ సభలో కుర్చీలకు నంబర్లే ఉండవు.

వాట్సాప్ పోల్ గురించి కూడా అడిగారు. బతుకమ్మ ఏ సాయంత్రం పెట్టుకోవాలో తేల్చడానికి బాగుంటుంది. ఎవరు దేనికి ఓటేశారో గ్రూపులో అందరికీ కనిపిస్తుంది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. డబ్బు విషయాలకు వద్దు.

ఎత్తిన చేతులను ఫొటో తీసి ఏఐతో లెక్కపెట్టించవచ్చా? – విజయవాడ నుంచి ఒక పాఠకుడు

ఇప్పటికైతే వద్దు. ముందున్నవారి చెయ్యి వెనకవారిని కప్పేస్తుంది, తల గోక్కునే చెయ్యీ ఓటుగా కనిపిస్తుంది. చాట్‌బాట్‌కు ఫొటో ఇస్తే ఏదో ఒక అంకె ధీమాగా చెబుతుంది, రెండోసారి అడిగితే మరో అంకె చెప్పవచ్చు. ఫొటో తీయడం మాత్రం మంచి అలవాటే. వేదిక ఎత్తు నుంచి, బాల్కనీ నుంచి రంగు కార్డుల ఫొటోలు తీసి ఉంచుకుంటే, తగువు వచ్చినప్పుడు పెద్దది చేసి ఒక్కో కార్డు మీద చుక్క పెట్టుకుంటూ మనుషులే లెక్కపెట్టవచ్చు.

అసలు లెక్కే పెట్టని చోటూ ఒకటుంది. స్విట్జర్లాండ్‌లోని గ్లారుస్ ప్రాంతంలో ఏటా ఓటర్లు ఆరుబయట చేరి ఓటు కార్డులు ఎత్తుతారు. సభాధ్యక్షుడు కంటితో చూసి ఏ పక్షం ఎక్కువో ప్రకటిస్తాడు, అదే తుది తీర్పు. 2006లో తమ 25 మునిసిపాలిటీలను మూడుగా కలిపేయాలని నిర్ణయించింది ఇలాగే. మీ కాలనీ అధ్యక్షుడి కంటి చూపు మీద అంత నమ్మకం ఉంటే ఏఐ కూడా అక్కర్లేదు.

మా కళాశాలలో విద్యార్థుల ఫోన్లకు అనుమతి లేదు. తరగతిలో అందరి జవాబులూ ఒకేసారి తెలుసుకునే మార్గం ఉందా? – జూనియర్ కళాశాల అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

ఉంది మేడమ్, దాదాపు ఖర్చు లేకుండా. ప్లికర్స్ అనే సేవలో క్యూఆర్ కోడ్‌ను పోలిన నలుపు తెలుపు బొమ్మల కార్డులు ఉంటాయి. ముద్రించి విద్యార్థికి ఒకటి చొప్పున ఇవ్వాలి. కార్డు నాలుగు అంచుల్లో ఏ, బీ, సీ, డీ అని చిన్న అక్షరాలుంటాయి. తనకు నచ్చిన జవాబు పైకి వచ్చేలా తిప్పి పట్టుకోవడమే విద్యార్థి పని. మీరు మీ ఫోన్ కెమెరాను తరగతి మీదుగా నెమ్మదిగా తిప్పితే యాప్ ఒక్కో కార్డునూ గుర్తుపట్టి జవాబు నమోదు చేస్తుంది. కార్డు నంబరు విద్యార్థి పేరుతో ముడిపడి ఉంటుంది కాబట్టి కెమెరా రెండుసార్లు చూసినా ఒకటే ఓటు. ఒక్కో బొమ్మా వేరు కనుక పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడమూ కుదరదు.

మామూలు సెట్‌లో 40, పెద్ద సెట్‌లో 63 కార్డులు ఉంటాయి. అంతకన్నా పెద్ద తరగతైతే బెంచీకి ఒక కార్డు ఇచ్చి చర్చించుకోమనండి. నిగనిగలాడే లామినేషన్ చేయించకండి, ట్యూబ్‌లైటు వెలుగు పడి కెమెరా తికమకపడుతుంది. మందపాటి మామూలు అట్ట చాలు.

మా తెలుగు సంఘం కార్యవర్గ ఎన్నికలో సగం మంది హాల్లో, సగం మంది జూమ్‌లో ఉంటారు. జూమ్ పోల్ సరిపోతుందా? – డాలస్

సరిపోదు. జూమ్ పోల్ లెక్కపెట్టేది మనుషులను కాదు, కనెక్షన్లను. ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న దంపతులకు ఒకే ఓటు, ఫోన్‌తోనూ ట్యాబ్‌తోనూ చేరినవారికి రెండు. మామూలు ఫోన్ కాల్‌తో కలిసిన పెద్దవారికి ఒక్కటీ ఉండదు. సభ నడిపే హోస్టు తన పోల్‌లో ఓటు వేయలేరు. హాల్లో కూర్చుని జూమ్ కూడా తెరిచినవారి సంగతి సరేసరి.

పదవులకు ఎన్నిక కాబట్టి సభను, ఓటును విడదీయండి. సభ్యుల జాబితాను ముందే ఖరారు చేసి, ఒక్కొక్కరి ఈమెయిల్‌కు ఒక్కసారే పనిచేసే లింకు పంపే ఎన్నికల సేవ వాడండి. ఎలక్షన్‌బడ్డీ అలాంటిదే. హీలియోస్ అనే ఉచిత ఓపెన్‌సోర్స్ వ్యవస్థలో తన ఓటు లెక్కలోకి వచ్చిందో లేదో ఓటరే సరిచూసుకోవచ్చు. అయితే ఫలితం తెరిచే డిజిటల్ తాళంచెవులు ఎవరి దగ్గర ఉంచుతున్నారో జాగ్రత్త. గూఢలిపి శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం ఐఏసీఆర్ 2025లో హీలియోస్‌తోనే ఎన్నిక జరిపింది. ఆ బాధ్యత అప్పగించిన ముగ్గురి తాళాలూ కలిస్తేనే ఫలితం తెరుచుకుంటుంది. ముగ్గురిలో ఒకరు తమ తాళం పోగొట్టుకున్నారు. ప్రపంచంలోని మేటి గూఢలిపి నిపుణులు ఎన్నిక మళ్లీ జరుపుకోవాల్సి వచ్చింది. మీరు ముగ్గురిలో ఏ ఇద్దరి తాళాలైనా చాలనే ఏర్పాటు ఉందేమో చూసుకోండి.

బ్యాంకుల్లో నోట్లు లెక్కించే యంత్రంతో బ్యాలెట్ చీటీలు లెక్కించవచ్చా? – వరంగల్

దొంగనోట్లు పట్టే పరీక్షలన్నీ ఆపి, ఉత్త లెక్కింపు మాత్రమే ఉంచుకునే వీలున్న యంత్రమైతే నోటు కొలతల్లో కత్తిరించిన కాగితాలను లెక్కిస్తుంది. దాదాపు నోటంత మందం ఉండాలి, మడతలు ఉండకూడదు. ఎవరికి పడిన ఓటో దానికి తెలియదు కాబట్టి ముందు చేత్తో కట్టలుగా వేరుచేయాలి. ప్రతి కట్టనూ రెండుసార్లు వేసి చూడండి, రెండు చీటీలు అంటుకుని ఒకటిగా వెళ్తే అప్పుడు బయటపడుతుంది.