వైర్‌లెస్ మౌస్ తడబాటు

ప్రశ్న: మా బియ్యం కొట్టు కంప్యూటర్‌కు పెట్టిన వైర్‌లెస్ మౌస్ బాణం గుర్తు ఆగి ఆగి గెంతుతోంది, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. బ్యాటరీ మార్చినా ఫలితం లేదు. కొత్తది కొనాలా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీరు రాసినవి రెండు వేర్వేరు లోపాలు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలపై పనిచేసే రిసీవర్ (మౌస్ సంకేతం అందుకోవడానికి కంప్యూటర్‌కు గుచ్చే చిన్న ముక్క) పక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ ఉంటే, దాని నుంచి వెలువడే రేడియో రొదలో మౌస్ సంకేతం సరిగా అందదు కనుక, రిసీవర్‌ను ఎక్స్‌టెన్షన్ తీగతో మౌస్ దగ్గరకు తీసుకురండి. బల్లపై గాజు పలక ఉంటే, మౌస్ కింద అట్ట వేసి చూడండి. డెల్టా తేమకు బ్యాటరీ స్ప్రింగుపై చిలుము పట్టడమూ మామూలే. పొడిగుడ్డతో గట్టిగా తుడవండి.

రెండు క్లిక్కులు పడటం మాత్రం చాలావరకు లోపలి స్విచ్ అరిగినందువల్లే. దానికి మరమ్మతు కన్నా కొత్త మౌసే మేలు. కదలని కౌంటరు మీదికి వైర్‌లెస్ ఎందుకో నాకు అర్థం కాదు. తీగ ఉన్నదే కొనండి, ఎలుకలు కొరకకుండా తీగను బల్లపైనే ఉంచండి.